నాలుగో డిస్కు మీద పాట

పొద్దున సబ్‌జైలుకు వెళ్లి అసిరయ్యను చూసి వచ్చిన దగ్గర్నుంచి ఝాన్సీలక్ష్మికి మంచినీళ్లు కూడా సహించలేదు. అతన్ని లోపలికి పంపింది పోలీసులే కదా అని మనసుకు సర్దిచెప్పుకుందామంటే కుదిరే పనా? వేణుగోపాలస్వామి బంగారు మురళిని పూలబుట్టలో పెట్టుకుపోయింది అసిరయ్యేనని, వీడియో చూసి, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చింది సాక్షాత్తూ ఆవిడే. విజయనగరంలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే ఆవిడొక్కతే. ఆవిడ కంట్లో పడ్డ తప్పు తప్పించుకోలేదని జనం అనేవారు. అలా అనిపించుకోవడం ఆవిడకీ సరదాగానే ఉండేది. ఆ సరదా ఇప్పుడు పళ్లూడిన ముసలాయన్ని కటకటాల వెనక కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం కోర్టులో సి.ఐ. విజయ్‌కుమార్ అతన్ని పోలీసు కస్టడీకి అడుగుతాడు. కస్టడీ అంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. మురళి ఎక్కడ దాచావని అడిగేవాళ్లకు ఓపిక తక్కువ, అసిరయ్య ఒంట్లో చేవ ఇంకా తక్కువ.

జైల్లో అతను 'నాను తియ్యలేదు' అని ఒక్కసారైనా అనలేదు. అడిగిందే అడిగింది, అతను నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనాన్నే మొదట్లో తప్పు ఒప్పుకోవడంగా లెక్కేసింది ఆవిడ. ఈసారి విసుగొచ్చి, "నువ్వు కాకపోతే ఇంక ఆ ఇంట్లోవాళ్లనే అడగాలి అసిరయ్యా. అమ్మగారితోనే మొదలెడతాను" అని లేచింది.

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. ఒక్కటే అడిగాడు. "అమ్మగారికి పూలు ఎవులిస్తన్నారు?"

ఆ ప్రశ్నే ఆవిడ వెంటబడింది. దేవుడి సొమ్ము కాజేసినవాడికి పూల సంగతి ఎందుకు? ఇంటికొచ్చి, తిండి మాట మరచి, ఆ డీవీడీ మళ్లీ పెట్టింది.

వీడియోలో ఉన్నది కూర్మనాథం గారి షష్టిపూర్తి. గుడి వాళ్ల వంశానిది. ఆ వంశంలో ఎవరి షష్టిపూర్తి జరిగినా స్వామి చేతిలోని బంగారు మురళిని ఆ పూట ఇంటికి తెచ్చి దంపతుల కళ్లకద్దడం ఆనవాయితీ. అల్లుడు గురుప్రసాద్ తన హ్యాండీక్యామ్‌తో వేడుకంతా ఆరు చిన్న డిస్కుల మీద తీశాడు. అరచేతిలో ఇమిడిపోయే డిస్కులవి. అన్నీ కలిపి ఒకే పెద్ద డీవీడీగా చేయించాడు. అందులో నాలుగో డిస్కు భాగంలో హారతి అవుతుంది. మురళి పూజగదిలోకి వెళ్తుంది. పూలు కట్టే అసిరయ్య బుట్టతో పూజగది గుమ్మంలోకి వెళ్తాడు. బుట్ట మీద అరిటాకు కప్పుకుని బయటికొస్తాడు. ఆ తర్వాత మురళి లేదు. మధ్యలో ఆ గుమ్మం ఇంకెవరూ తొక్కలేదు. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది ఆవిడ అప్పుడు.

ఈసారి కళ్లతో కాకుండా చెవులతో చూసింది. హారతి నుంచి అసిరయ్య వీధి గుమ్మం దాటేదాకా వెనకాల ఒక కీర్తన వస్తోంది. మన ఊళ్లలో పెళ్లి వీడియో అన్నా, పేరంటం వీడియో అన్నా పాట పెట్టకుండా ఇచ్చే స్టూడియో ఉందా? అందుకే అంతకుముందు అది చెవికి ఆనలేదు. కానీ ఆరు డిస్కుల్లో మిగతా అయిదింటికీ పాట లేదు. పిల్లల ఏడుపులూ, గిన్నెల చప్పుళ్లూ, పురోహితుడి దగ్గూ అన్నీ ఉన్నాయి. ఒక్క నాలుగోదానికే పాట ఎందుకొచ్చిందో అడగడానికి ఆవిడ స్కూటీ తీసి అనిత స్టూడియోకి పోయింది.

అనిత నోరున్న మనిషి. విజయనగరంలో తనంత బాగా మిక్సింగ్ చేసేవాళ్లు లేరని బోర్డు మీద రాయించుకోలేదు గానీ, వచ్చినవాళ్లందరికీ తనే చెబుతుంది. పాట సంగతి ఎత్తగానే ఆమెకి కోపం వచ్చింది.

"పాట నాను ఎయ్యలేదక్కా. ఎయ్యమని ఎవులూ సెప్పలేదు. క్వాలిటీ పోకుండా కలపమన్నారు, కలిపాను."

"పాట వేస్తే క్వాలిటీ పోతుందా?"

"బంగారం సూడు. కరిగించి మళ్లీ పోత పోసినప్పుడల్లా తరుగు పోతాది గదా. ఇదీ అంతే. పాటెయ్యాలన్నా, మధ్యలో ముక్క కొయ్యాలన్నా బొమ్మని మళ్లీ కరిగించాల. నాను కరిగించలేదు. డిస్కు మీదున్నది ఉన్నట్టు ఎత్తి, ఒకదాని ఎనక ఒకటి పేర్చి, పెద్ద డిస్కులోకి దించాను. కెమెరా ఎంత బాగా తీసిందో అంత బాగానూ వస్తాది."

ఝాన్సీలక్ష్మి డీవీడీ పెట్టించింది. మూడో డిస్కు భాగంలో కూర్మనాథం గారి భార్య త్రిపురసుందరమ్మ గారి పట్టుచీర జరీ పోగు పోగూ కనిపిస్తోంది. నాలుగోది రాగానే ఆ జరీ పసుపు మరకలా అలుక్కుపోయింది. అయిదోది వచ్చేసరికి మళ్లీ పోగులు లేచాయి. ఇంత తేడా తన కంటికి ఎలా ఆనలేదో ఆవిడకి అర్థం కాలేదు. అసిరయ్య బుట్ట ఒక్కటే చూసింది కాబట్టి ఆనలేదు, అంతే.

నాలుగో డిస్కు అలా ఎందుకుందో అనితకు అప్పుడే అనుమానం వచ్చిందట. అల్లుడుగారినే అడిగిందట. బ్యాటరీ అయిపోయి ఆ డిస్కు ఫైనలైజ్ కాలేదని, అందుకని తనే కెమెరాకి వైరు తగిలించి, కంప్యూటర్లోకి ఎక్కించి, వేరే చిన్న డిస్కు మీద రాసి తెచ్చానని అతను చెప్పాడట. ఫైనలైజ్ చెయ్యడమంటే మూట కట్టి ముడి వెయ్యడంలాంటిదని అనిత వివరించింది. ముడి పడని డిస్కు కంప్యూటర్లో పెడితే ఖాళీదనే చూపిస్తుంది, ఇంట్లో ప్లేయరు తీసుకోనే తీసుకోదు. తీసిన కెమెరాలోనో, దాని జాతి కెమెరాలోనో మాత్రమే ఆడుతుంది.

"మరి నాకు ముందే చెప్పలేదేం అనితా?"

అనిత తల దించుకుంది. "నువ్వడగలేదక్కా. నాకెందుకులే అనుకున్నాను. అసిరయ్య మావని తీసుకెళ్లిపోయాక నాకూ తిన్నది ఒంటబట్టడం నేదు."

ఆమెని తప్పుపట్టి లాభం లేదు. అడగాల్సింది అడగనిది తను. గురుప్రసాద్ కెమెరా జాతిదే ఒకటి అనిత దగ్గర ఉంటే, బ్యాటరీతో సహా అడిగి సంచీలో వేసుకుంది.

కూర్మనాథం గారి ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో పోలీసు జీపుంది. విజయ్‌కుమార్ హాల్లో కుర్చీ వేసుకుని, గురుప్రసాద్ చేత వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకుంటున్నాడు. పోలీసుల్ని కాదని కూర్మనాథం గారు మొదట ఆవిడనే పిలిచారన్న కారం అతనికి ఇంకా తగ్గలేదు. అయితే ఆవిడ రాసిన కాగితంతోనే కేసు నిలబెట్టాడు గనక, ఆ కారానికి కొంచెం తీపి కూడా కలిసింది.

"రండి మేడమ్. మీ రిపోర్టు లాయరుగారికి తెగ నచ్చేసింది" అన్నాడు.

"ఆ రిపోర్టు తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. కస్టడీ అడగొద్దు."

విజయ్‌కుమార్ నవ్వలేదు, కోప్పడలేదు. తాపీగా పెన్ను మూత పెట్టాడు. "మీరు రాసిస్తే నిజం, మీరు కొట్టేస్తే అబద్ధమా? ఇదేం మీ ఇంటి వాకిట్లో ముగ్గు కాదు మేడమ్. మనిషిని లోపలేశాం. ఇందాకే కోర్టుకి పంపాం కూడా."

"నేను వేయించాను. అందుకే వచ్చాను" అంది ఆవిడ. ఆ మాట పైకి అనేసరికి గుండె మీంచి బరువేమీ దిగలేదు, ఇంకాస్త ఎక్కింది.

కూర్మనాథం గారు ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉన్నారు. మురళి పోయిన రోజు నుంచి ఆయన గుళ్లోకి వెళ్లడం మానేశారు. స్వామి ఖాళీ చేతుల్ని చూడలేనన్నారట. వంటింట్లోంచి త్రిపురసుందరమ్మ గారు వచ్చి, ఝాన్సీలక్ష్మిని చూసి నవ్వారు. "అసిరయ్య ఇవాళ కూడా పూలు తేలేదమ్మాయ్. ఒంట్లో బాగోలేదేమో, దార్లో కనిపించాడా?" అని అడిగారు. భార్యకి ఏమీ చెప్పలేదని కూర్మనాథం గారు కళ్లతోనే సైగ చేశారు. ఏం చెప్పినా సాయంత్రానికి మరచిపోతున్నారని కూతురు గౌతమి అంతకుముందే అనివుంది. పొద్దున కనిపించాడని మాత్రం చెప్పి ఝాన్సీలక్ష్మి మొహం తిప్పుకుంది.

గురుప్రసాద్ మర్యాదస్తుడు. అడగబోయేవాటికి కూడా అడక్కముందే జవాబు చెప్పే రకం. కెమెరా ఎవరెవరు పట్టుకున్నారని ఆవిడ అడిగింది.

"నేనొక్కణ్ణేనండీ. ఆ రోజు పొద్దుట్నుంచి నా చేతిలోంచి కదల్లేదు. పిల్లలకి కూడా ఇవ్వలేదు. ఇదిగో, ఇప్పుడే సి.ఐ. గారికి రాసిచ్చాను కూడా."

"నాలుగో డిస్కుకి పాట ఎందుకు పెట్టారు?"

హారతి కదా, వినడానికి బాగుంటుందని పెట్టానన్నాడు. అసలు డిస్కు ఏమయిందంటే, పనికిరాదని చెత్తలో పారేశానన్నాడు. కెమెరా చూపించమంటే, అది కింద పడి పగిలిందని, రిపేరుకు విశాఖపట్నం పంపానని చెప్పాడు. అన్నీ నమ్మదగ్గ మాటలే. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎవరికైనా జరిగేవే. ఇవన్నీ ఒక్క నాలుగో డిస్కు చుట్టూనే జరిగాయేం అన్నదే ఆవిడకి మింగుడుపడలేదు.

"అయిందా మేడమ్ ఎంక్వయిరీ?" అన్నాడు విజయ్‌కుమార్ గడియారం చూసుకుంటూ.

ఆవిడ పూజగది గుమ్మం దగ్గరికి వెళ్లింది. గదికి ఇంకో దారి లేదు, ఉన్న కిటికీకి పిల్లి కూడా పట్టనంత దగ్గరగా ఊచలున్నాయి. కెమెరా నిలబడ్డ చోట నిలబడి చూసింది. గుమ్మం సూటిగా కనిపిస్తోంది, లోపలి పీట కూడా సగం కనిపిస్తోంది. గుమ్మంలోంచి వచ్చిన మనిషి పెరట్లోకి పోవాలన్నా, వీధిలోకి పోవాలన్నా కెమెరాని దాటే పోవాలి. అసిరయ్య అలాగే దాటాడు. ఇంకెవరైనా దాటి ఉంటే ఆ ముక్క కోసేసి ఉండాలి. కోసేసిన ముక్క అసలు డిస్కు మీద ఉండాలి. ఆ డిస్కు చెత్తతో పాటు ఊరవతలి గుట్టలో కలిసిపోయి ఉంటే అసిరయ్యని ఇంక ఎవరూ బయటికి తేలేరు.

పెరట్లోకి వచ్చి నిలబడింది. జామచెట్టు విరగకాసి ఉంది. చిలకలు రాకుండా కొమ్మలకి పాడైన సీడీలు దారాలతో కట్టారు. ఎండలో అవి తిరుగుతూ గోడల మీద వెలుగుముక్కలు ఆడిస్తున్నాయి. జిల్లాలో సగం పెరళ్లలో కనిపించేదే ఇది. ఆవిడ ఇంట్లోనూ దానిమ్మకి రెండు కట్టే ఉన్నాయి. గోడ మీద ఆడే వెలుగుల్లో ఒకటి మాత్రం మిగతావాటిలో సగమే ఉంది.

తలెత్తి చూసింది. పెద్ద సీడీల మధ్య, కింది కొమ్మకి, అరచేతిలో ఇమిడే డిస్కు ఒకటి తిరుగుతోంది.

చెట్టుకు ఇవి ఎవరు కడతారని అడిగితే, త్రిపురసుందరమ్మ గారు చిన్నపిల్లలా సంబరపడిపోయారు. తనేనట. ఇంట్లో మెరిసేది ఏది పారేసినా చెత్తబుట్టలోంచి ఏరి దాచుకుంటారట. చిన్నది కూడా దొరికితే ముచ్చటగా ఉందని కట్టారట. ఝాన్సీలక్ష్మి దారం తెంపి డిస్కు చేతిలోకి తీసుకుంది. అంచున చిలక ముక్కు గీతలున్నాయి, దుమ్ముంది. చీర చెంగుతో మెల్లగా తుడిచింది. వెనక్కి తిరిగేసరికి గురుప్రసాద్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది వద్దండీ" అన్నాడు గొంతు తగ్గించి. "ఇలా పక్కకి రండి. సి.ఐ. గారూ, మీరు కూడా."

నూతి దగ్గర నిలబడి చెప్పాడు. చెబుతుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారికి మతిమరుపు ముదురుతోందట. ఆ రోజు నిర్మాల్యం తీస్తూ, వాడిన పూలతో పాటు మురళిని కూడా అసిరయ్య బుట్టలో వేసేశారట. అసిరయ్య చూసుకోకుండా అరిటాకు కప్పి, ఎప్పటిలాగే తీసుకెళ్లి ఏట్లో కలిపేశాడట. అది బయటపడితే, వంశం దాచుకున్న స్వామి సొమ్ము ఈవిడ పోగొట్టిందని ఊరంతా అంటుంది, మామగారు ప్రాణాలతో ఉండరు. అందుకని ఆ ముక్క కోసి, కోత తెలియకుండా పాట పెట్టాడట. అసిరయ్య ఇరుక్కుంటాడని అనుకోలేదట. ఇరుక్కున్నాక చెప్పడానికి నోరు రాలేదట.

"నేను పాపిష్టివాణ్ణి. కానీ ఆవిడ ముందు అది ఆడించకండి" అని చేతులు జోడించాడు.

విజయ్‌కుమార్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అంత కరకు మనిషీ మెత్తబడ్డాడు. ఝాన్సీలక్ష్మికీ ఒక్క క్షణం అనిపించింది, ఇక్కడితో ఆపేద్దామని. అసిరయ్య దొంగ కాదని తేలిపోయింది కదా, ఆ తల్లిని నలుగురిలో నిలబెట్టడం దేనికి అని. ఆవిడ చెయ్యి సంచీ మీదే ఆగిపోయింది.

సగం చూసి సంతకం పెట్టే ఒకణ్ణి జైలుకు పంపింది. మళ్లీ సగం విని సంతకం పెట్టేదా?

"చివరిదాకా చూస్తాను. ఇక్కడే, మనం ముగ్గురమే" అంది. సంచీలోంచి అనిత కెమెరా తీసి, డిస్కు పెట్టి, నూతి గట్టు మీద ఉంచింది. కెమెరా డిస్కుని కాసేపు గిరగిరా తిప్పింది. బొమ్మ వచ్చింది. ఎండ పడకుండా విజయ్‌కుమార్ టోపీ అడ్డం పెట్టాడు. పాట లేదు. హారతి గంట, ఆడవాళ్ల మాటలు, ఎవరో నెయ్యి అడగడం వినిపించాయి. అసిరయ్య బుట్టతో పూజగది గుమ్మంలో నిలబడ్డాడు. లోపల్నుంచి త్రిపురసుందరమ్మ గారు వాడిన పూలు దోసిళ్లతో తెచ్చి బుట్టలో పోస్తున్నారు. మూడో దోసిలిలో పూల మధ్య పచ్చగా ఏదో మెరిసింది.

గురుప్రసాద్ చెప్పింది అక్కడిదాకా నిజమే.

అసిరయ్య బుట్టలోకి చూశాడు. మురళిని ముట్టుకోలేదు. బుట్టని రెండు చేతులా ఆమె ముందుకి ఎత్తి, కొంచెం వంచి చూపించాడు. ఆమె చూసి, నుదురు కొట్టుకుని, నవ్వి, మురళి తీసుకున్నారు. అతనూ నవ్వాడు. చుట్టూ ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, ఏమీ పర్వాలేదన్నట్టు ఆమెకి చెయ్యి ఊపాడు. అరిటాకు కప్పుకుని వెళ్లిపోయాడు.

"మరి మురళి?" అన్నాడు విజయ్‌కుమార్.

బొమ్మలో త్రిపురసుందరమ్మ గారు మురళిని ఎక్కడ పెట్టాలో గుర్తురానట్టు గుమ్మంలో నిలబడ్డారు. తర్వాత సూటిగా కెమెరా వైపు నడిచి వచ్చారు. తెరంతా ఆమె మొహమే అయింది. మురళిని ముందుకు చాపారు.

"నాకు గుర్తుండదు నాయనా. నువ్వు జాగ్రత్త చెయ్యి."

కెమెరా వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి మురళిని అందుకుంది. "ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ" అన్న గొంతు అన్ని గొంతులకన్నా దగ్గరగా, స్పష్టంగా వినిపించింది. ముక్క కోసిందీ, కోత తెలియకుండా పాట పెట్టిందీ ఆ ఒక్క మాట దాచడానికేనని ఝాన్సీలక్ష్మికి అప్పుడు తెలిసింది. బొమ్మ ఒకసారి ఊగి ఆగిపోయింది.

పొద్దుట్నుంచి కెమెరా నా చేతిలోంచి కదల్లేదని రాసిచ్చిన కాగితం, సిరా తడి ఆరకుండా, విజయ్‌కుమార్ జేబులోనే ఉంది. అతను గురుప్రసాద్ భుజం మీద చెయ్యి వేశాడు. గురుప్రసాద్ నూతి గట్టుకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

"కోర్టుకి ఫోన్ చెయ్యండి. ముందు అది ఆపండి" అంది ఆవిడ.

విజయ్‌కుమార్ రెండో చేత్తో సెల్ తీసి హెడ్ కానిస్టేబుల్‌కి చేశాడు. కస్టడీ పిటిషన్ వెయ్యొద్దని చెప్పబోయి, అవతలి మాట విని ఆగిపోయాడు. ఎప్పుడు అని అడిగాడు. ఎవరైనా కొట్టారా అని అడిగాడు. సెల్ దించాక ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

"అసిరయ్య మేజిస్ట్రేటు ముందు ఒప్పేసుకున్నాడంట మేడమ్. ఎవరూ అడక్కుండానే. మురళి తనే తీశానని, అమ్మేసి తినేశానని. ఆ ఇంటి జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దని, అమ్మగారిని ఏమీ అడగొద్దని దండం పెట్టాడంట. మేజిస్ట్రేటు గారు కూడా రాసేసుకున్నారంట."

అమ్మగారితోనే మొదలెడతాను. పొద్దున జైల్లో తను అన్న మాట. అతను ఉలిక్కిపడి తలెత్తింది అందుకు. ఆ తర్వాత అతను మనసులో తేల్చుకున్నది ఇదే.

పెరటి గుమ్మంలోంచి త్రిపురసుందరమ్మ గారు ఖాళీ పూలసజ్జ పట్టుకుని వచ్చారు. ముగ్గురినీ చూసి, వీధిలో ఏదో చప్పుడైతే అసిరయ్య వచ్చాడేమో చూడమన్నారు. ఝాన్సీలక్ష్మి కెమెరాలోంచి డిస్కు తియ్యకుండానే మూత వేసి, గుండెకి అదుముకుని, జీపు వైపు పరుగెత్తింది.